ఆగస్టు మ్యాచ్‌లో బెంచీ పక్కన

(ఉత్తర కరొలైనాలోని కేరీ, మోరిస్‌విల్ ప్రాంతపు తెలుగు కుటుంబాల ఆదివారపు కలయికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినిపిస్తోందా? ఆ మూల కూర్చున్న అన్నా, ఓసారి చెయ్యెత్తండి... సరే, వినిపిస్తోంది.

భోజనాలకి ముందు మాట్లాడమన్నారు. వంటింట్లోంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. ఎక్కువసేపు మాట్లాడితే తిట్లు తినేది నేనే అని తెలుసు. (నవ్వులు)

నాకిచ్చిన అంశం ‘పిల్లలు, సాకర్, కాలేజీ సీటు’. నేను కోచ్‌ని కాదు, అడ్మిషన్ల కౌన్సిలర్‌ని అసలే కాదు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో కోడ్ రాసుకునేవాణ్ని. తొమ్మిదేళ్ళపాటు శనివారం పొద్దున్నే మడత కుర్చీ డిక్కీలో పడేసుకుని, షార్లెట్ అనీ, గ్రీన్స్‌బరో అనీ కూతురి వెంట తిరిగిన తండ్రిని. నాకున్న అర్హత ఆ మడత కుర్చీ ఒక్కటే. దాని ఒక కాలు ఇప్పుడు వంకర కూడా.

ఇంకోటి. నిజామాబాద్‌లో మేం దీన్ని ఫుట్‌బాల్ అనే అనేవాళ్ళం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు, రెండు మాటలూ కలిపేస్తుంటాను. సర్దుకోండి.

అడ్మిషన్ల సంగతి ఇంటర్నెట్‌లో కావలసినంత ఉంది. నేను ఒక్క సాయంత్రం గురించి చెప్తాను. చాపెల్ హిల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరొలైనా అమ్మాయిల జట్టు సొంత మైదానంలో ఆడిన ఒక ఆగస్టు మ్యాచ్. అవతలి జట్టు ఎవరో, స్కోరు ఎంతో చెప్పను. నేను చెప్పబోయేదానికి స్కోరుతో పని లేదు. పైగా సగం మ్యాచ్ నేను బంతినే చూడలేదు.

ముందు ఆ జట్టు ఎలాంటిదో తెలియాలి. మనం ఇక్కడికి అరగంట దూరంలో ఉంటాం, ఇళ్ళ ధరలు తెలుసు, ఏ స్కూలుకి ఎంత రేటింగో తెలుసు, ఇది మాత్రం చాలామందికి తెలీదు. అమ్మాయిల కాలేజీ సాకర్‌కి ఎన్‌సీఏఏ, అంటే ఇక్కడి కాలేజీ ఆటలు నడిపే సంస్థ, జాతీయ పోటీ మొదలుపెట్టింది 1982లో. అప్పట్నుంచి 2024 దాకా 43 పోటీలు జరిగితే 22 సార్లు గెలిచింది ఈ ఒక్క కాలేజీయే. మిగతా దేశమంతా కలిసి 21. అంతకుముందు 1981లో వేరే సంస్థ నడిపిన పోటీలోనూ వీళ్ళే గెలిచారు, అదీ కలిపితే 23. మన ఊళ్ళో రంజీ జట్టు ఇలా గెలిచుంటే ప్రతి వీధి చివరా ఒక విగ్రహం ఉండేది.

ఈ జట్టుని 1979 నుంచి నడిపించినాయన పేరు ఆన్సన్ డోరెన్స్. ఆయన పుట్టింది ఎక్కడో ఎవరైనా చెప్తారా? ... కాదు. కాదు. బొంబాయి! 1951లో, మన బొంబాయిలో పుట్టారు. నాన్నగారు చమురు కంపెనీ ఉద్యోగి, అలా. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆఫీసులో పదిమందికి చెప్పాను, ఒక్కరికీ నాకున్నంత సంతోషం కలగలేదు. (నవ్వులు) 1991లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్‌ని అమెరికా గెలిచినప్పుడు ఆ జట్టు కోచ్ కూడా ఆయనే. అమెరికా జట్టు మేటి క్రీడాకారిణి మియా హామ్ పేరు మీ పిల్లలకి తెలిసే ఉంటుంది, ఆవిడ ఈ కాలేజీ అమ్మాయే. కాలేజీకి నాలుగు సీజన్లు ఆడింది, నాలుగుసార్లూ టైటిల్. మధ్యలో 1991 సీజన్ వదిలేసి ప్రపంచ కప్‌కి వెళ్ళొచ్చింది. ఇప్పటి ఇంగ్లండ్ జట్టులో లూసీ బ్రాంజ్, అలెసియా రస్సో కూడా కాలేజీ ఆట ఆడింది ఇక్కడే.

ఆ డోరెన్స్ 2024 ఆగస్టులో, ఇంకొద్ది రోజుల్లో సీజన్ అనగా, రిటైరవుతున్నానన్నారు. పెళ్ళి పందిట్లోంచి పురోహితుడు లేచి వెళ్ళిపోయినట్టు. అసిస్టెంటుగా ఉన్న డేమన్ నాహస్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ డిసెంబరులో మన కేరీలో, వేక్‌మెడ్ సాకర్ పార్కులో, ఫైనల్లో వేక్ ఫారెస్ట్‌ని 1-0తో ఓడించి టైటిల్ పట్టుకెళ్ళారు. మనం ఆ పార్కు పక్కనుంచి కాస్ట్‌కోకి వెళ్ళొస్తుంటాం.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వద్దాం. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగు. ఆ వేసవిలోనే ఓ క్లబ్బులో ట్రయౌట్లు, అంటే జట్టు ఎంపికలు, అయ్యాయి. క్లబ్బు పేరు వద్దు. మొదటి జట్టులోంచి రెండో జట్టుకి దించారు. ఎందుకని అడిగితే రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది, అందులో ఒక లైను ఫీజు ఎప్పుడు కట్టాలో. ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. మా ఆవిడే అంది, దాన్ని కాసేపు బయటికి తీసుకెళ్ళవయ్యా అని. పులిహోర డబ్బాలో పెట్టిచ్చింది. పార్కింగ్ డెక్ మూడో అంతస్తులో కార్లోనే కూర్చుని తిన్నాం. మా అమ్మాయి పల్లీలు ఏరి ఏరి నా వైపు పెట్టింది. అంటే కోపం కాస్త తగ్గిందని అర్థం.

మైదానం పేరే డోరెన్స్ ఫీల్డ్. అదే చోట పాత ఫెట్జర్ ఫీల్డ్ ఉండేది, దాన్ని తీసేసి కట్టి 2019లో తెరిచారు. పక్కనే కార్మైకేల్ అరీనా, మైకేల్ జోర్డన్ కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడిన హాలు. అమెరికా క్రీడల చరిత్రలో సగం ఆ రెండు గోడల మధ్య ఉంది, నేనేమో కారు టికెట్ ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకుంటున్నా.

ఆగస్టు గురించి మీకు చెప్పాలా? సాయంత్రం ఏడింటికి కూడా గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటుంది. క్లాసులు అప్పుడప్పుడే మొదలవుతుంటాయి. ఆడేవాళ్ళు ఆ నెల మొదట్లో వచ్చి ఓ పదీ పన్నెండు రోజులు ప్రాక్టీసు చేసి నేరుగా మ్యాచుల్లోకి దిగుతారు. వారానికి రెండు మ్యాచులు, మామూలుగా గురువారం, ఆదివారం. డిసెంబరు మొదట్లోకల్లా అంతా అయిపోతుంది. అంటే జట్టు కుదురుకోవడానికి టైమే లేదు. ఆగస్టు మ్యాచులోనే కుదురుకోవాలి, చూసేవాళ్ళ ముందే.

ఈ మ్యాచులు కాన్ఫరెన్సులోవి, అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగులోవి, కావు. వాళ్ళ కాన్ఫరెన్సు అట్లాంటిక్ కోస్ట్. 2024 నుంచి అందులో పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా ఉన్నాయి, భూగోళం టీచర్ ఎవరూ ఆ మీటింగులో లేరనుకుంటా. (నవ్వులు) ఆ పోటీలు సెప్టెంబరులో మొదలవుతాయి. ఆగస్టులో ఆడేవి చూడ్డానికి ఉత్త సన్నాహక మ్యాచుల్లా కనిపిస్తాయి గానీ లెక్కలోకి వస్తాయి. నువ్వెవరితో ఆడావు, వాళ్ళెవరిని గెలిచారు అనేది కూడా లెక్కేసి ర్యాంకు ఇస్తారు. చివర్లో జాతీయ పోటీకి 64 జట్లని ఎంచేటప్పుడు ఆగస్టులో పోగొట్టుకున్న మ్యాచ్ అప్పు తీరని బాకీలా వెంటపడుతుంది.

మేం బెంచీ వెనకాలే కూర్చున్నాం. అనుకుని కూర్చోలేదు, అక్కడ నీడ ఉంది.

మ్యాచ్ మొదలైంది. ముందు నాకు వింతగా అనిపించింది గడియారం. టీవీలో చూసే ఫుట్‌బాల్లో టైము ముందుకి నడుస్తుంది, చివర్లో రిఫరీ తన వాచీ చూసుకుని మూడు నిమిషాలో నాలుగో కలుపుతాడు. కాలేజీ ఆటలో స్కోర్‌బోర్డు మీద నలభై అయిదు నుంచి వెనక్కి నడుస్తుంది. గోల్ పడితే ఆపుతారు, కార్డు చూపిస్తే ఆపుతారు. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు. సున్నా అయిందా, అంతే, బంతి గోల్ గీత మీద ఉన్నా సరే. ఇదివరకు డ్రా అయితే అదనపు సమయం ఉండేది, ముందు గోల్ కొట్టినవాళ్ళది గెలుపు. 2022 నుంచి మామూలు సీజన్లో అదీ తీసేశారు. డ్రా అంటే డ్రా.

ఆ తర్వాత బెంచీ. ప్రపంచ కప్‌లో అయిదుగురిని మార్చొచ్చు, బయటికొచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోలేరు. ఇక్కడలా కాదు. మొదటి సగంలో బయటికొచ్చినవాళ్ళు ఆ సగంలో తిరిగి పోకూడదు, అంతే. రెండో సగంలో మాత్రం బయటికొచ్చి ఒకసారి మళ్ళీ వెళ్ళొచ్చు. దాంతో మార్పులు ఒకటీ రెండూ కావు. ఇరవై అయిదు నిమిషాలయ్యేసరికి కోచ్ చెయ్యూపితే నలుగురు ఒకేసారి లేచారు. అలుపు లేని నలుగురు లోపలికి, చెమటతో తడిసిన నలుగురు బయటికి. డోరెన్స్ కాలం నుంచీ ఈ జట్టు పద్ధతే అది. అవతలివాళ్ళ మీదమీదకి పరిగెత్తి పరిగెత్తి వాళ్ళని ఊపిరి తీసుకోనివ్వకపోవడం, అలిసిపోగానే వరసకి వరస మార్చడం. ఆయన ప్రాక్టీసులో ప్రతి చిన్న పోటీకీ మార్కులేసి, అందరి ర్యాంకులూ కాగితం మీద గోడకి అంటించేవారు. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీల వీకెండ్ టెస్టు ర్యాంకుల్లాగే! అది విన్నప్పుడు నాకు బొంబాయి గుర్తుకు రాలేదు, గడ్డిఅన్నారం హాస్టలు గుర్తొచ్చింది. (నవ్వులు)

నలుగురు లేచారు కదా, అయిదో అమ్మాయి కూడా లేచింది. తన పేరు పిలిచారనుకుంది పాపం. బిబ్, అదే బెంచీ మీదివాళ్ళు జెర్సీ పైన తొడుక్కునే పల్చటి బనియను, సగం తీసేసింది. పిలిచింది పక్కనున్న అమ్మాయిని. ఈమె ఆ బిబ్‌ని మళ్ళీ తలమీంచి లాక్కుంది, మెల్లిగా, ఎవరూ చూడలేదన్నట్టు. మా అమ్మాయి చూసింది. నేను మా అమ్మాయిని చూశాను.

అప్పట్నుంచి మేమిద్దరం బంతి వదిలేశాం. ఆ అమ్మాయినే చూశాం. పది నిమిషాలకోసారి ఇంకో ముగ్గురితో కలిసి మూలకి పరిగెత్తి వార్మప్ చేస్తుంది. మోకాళ్ళు పైకి లేపుతూ, పక్కకి అడుగులేస్తూ. వచ్చి కూర్చుంటుంది. గోల్ పడితే అందరికంటే ముందు లేస్తుంది. బయటికొచ్చినవాళ్ళకి నీళ్ళ సీసా అందిస్తుంది, మూత తీసి మరీ. ఒకసారి వార్మప్‌లో బంతి గాల్లోంచి వస్తే ఛాతీ మీద ఆపి, కింద పడనివ్వకుండా తొడ మీదకి, అక్కణ్నుంచి పాదం మీదకి దించింది. పూలబుట్ట దించినట్టు. మా అమ్మాయి అంది, ‘డాడీ, ఈ అక్క మా క్లబ్‌లో ఉంటే అందరికంటే బెస్ట్. మా కోచ్ కంటే కూడా.’

ఇక్కడ నేను మీకు చెప్పాలనుకున్నది అదే. మనం స్కోర్లు చూస్తాం, గోల్ కొట్టిన పిల్ల ఫొటో చూస్తాం, వాట్సాప్‌లో ఎవరి పిల్లకో స్కాలర్‌షిప్ వచ్చిందని విని రాత్రి నిద్రపోం. ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లా తన ఊళ్ళో, తన స్కూల్లో గోల్ కొట్టిన పిల్లే. కాలేజీల కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చని రూలు. అప్పట్నుంచి ఫోన్లు అందుకుని, నాలుగైదు కాలేజీలు తిరిగి, వాటిలోంచి ఇది ఎంచుకుని వచ్చినవాళ్ళు. డబ్బుల సంగతి కూడా చెప్తాను, అడుగుతారని తెలుసు. మొన్నటిదాకా పెద్ద డివిజన్లో అమ్మాయిల సాకర్ జట్టు మొత్తానికి 14 స్కాలర్‌షిప్పులు, అబ్బాయిలకైతే 9.9. అవును, పాయింట్ తొమ్మిది! ముక్కలు చేసి పంచేవారు, ఒకరికి సగం, ఒకరికి పావు. 2025 జూన్‌లో ఓ కోర్టు ఒప్పందంతో ఆ లెక్క పోయింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఇప్పుడు జట్టుకి 28 మంది వరకే ఉండొచ్చు, ఎంతమందికి ఎంతివ్వాలో కాలేజీ ఇష్టం. వినడానికి బాగుంది కదా. కానీ ఇదివరకు ముప్పైకి పైన ఉంచుకున్న జట్లలో, కొత్తగా వచ్చేవాళ్ళలో ఆ పైవాళ్ళకి చోటే లేదు ఇప్పుడు. ఉన్న 28లో ఆడేది పదకొండు మంది. మార్పులన్నీ కలిపినా ఇంకో ఎనిమిదీ పదీ. మిగిలిన పిల్లలు బిబ్ వేసుకుని కూర్చుంటారు.

నేను భయపెట్టడం లేదు. మా నిజామాబాద్ జిల్లా తండాలోంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది. ఆ అమ్మాయికి మడత కుర్చీ వేసుకుని కూర్చున్న నాన్నా, నెలనెలా ఫీజు తీసుకునే క్లబ్బూ ఉన్నాయనుకోను. పిల్లలు ఎక్కడెక్కణ్నుంచో వస్తారు. హైదరాబాద్ స్కూలు టీచరు రహీం సాబ్ ఫుట్‌బాల్ కోచ్‌గా 1962లో జకార్తాలో మన దేశానికి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిపెట్టారు. మనకి ఆట లేదని కాదు. బెంచీ మాత్రం మనకి అలవాటు లేదు. మన ఇళ్ళలో సెలెక్ట్ అయ్యావా లేదా, రెండే మాటలు. సెలెక్ట్ అయ్యాక కూర్చోవడం అని ఒకటుంటుందని మనకెవరూ చెప్పలేదు.

సరే, కథలోకి. రెండో సగం పదో నిమిషంలో పడమర వైపు మెరిసింది. వెంటనే సైరన్. మెరుపు దగ్గర్లో పడితే ఆట ఆపాలి, చివరి మెరుపు తర్వాత అరగంట ఆగాలి. మధ్యలో ఇంకోటి మెరిస్తే మళ్ళీ మొదట్నుంచి అరగంట. అందరం స్టాండు కిందికి పరిగెత్తాం. వాన దంచేస్తోంది. మా పక్కన ఒకావిడ లేత నీలం వానకోటు వేసుకుని నిలబడింది. మాటల్లో తెలిసింది, ఆవిడ ఆ బిబ్ అమ్మాయి వాళ్ళమ్మే. ఏడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది.

నేను మన పద్ధతిలో అడిగేశాను, మీ అమ్మాయి ఇవాళ ఆడుతుందా అని. అడిగాక నాలుక కరుచుకున్నాను. మా అమ్మాయి నా మోచేతిని గిల్లింది కూడా. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఫోన్ తీసి చూపించింది. నోట్స్‌లో తేదీలు, పక్కన అంకెలు. మూడు, నాలుగు, నాలుగు. ఆడిన నిమిషాలా అని అడిగాను. కాదు, ఎన్నిసార్లు లేచి వార్మప్‌కి వెళ్ళిందో ఆ లెక్కట. నిమిషాలు రాసుకుంటే అన్నీ సున్నాలే వస్తున్నాయి, సున్నాలు చూసుకుంటూ ఏడు గంటలు నడపలేను అంది. నవ్వుతూనే అంది. ఇవాళ ఇప్పటికి అయిదు, రికార్డు అని కూడా అంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్ళుగా డాష్‌బోర్డులు కట్టి అమ్ముతున్నాను. ఏం కొలవాలో ఆవిడకి తెలిసినంత మా మేనేజర్లెవరికీ తెలీదు. (నవ్వులు, చప్పట్లు)

రెండుసార్లు అరగంట మళ్ళీ మొదలైంది. మూడోసారికి వాన వెలిసింది. సగం జనం ఇళ్ళకి పోయారు. నేనూ లేవబోయాను, మర్నాడు పొద్దున్న ఇండియా టీంతో కాల్ ఉంది. మా అమ్మాయి కదల్లేదు. మ్యాచ్ అయ్యేదాకా ఉందాం అంది. గడియారం పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి నడిచింది. అయిపోయింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళలేదు.

జట్లు చేతులు కలుపుకున్నాయి. ఆడినవాళ్ళు ఐసు కట్టించుకోవడానికి ఓ పక్కకి కూర్చున్నారు. చిన్నపిల్లలు కొందరు సంతకాల కోసం కంచె దగ్గర మూగారు. మేం మెట్లు దిగుతుంటే విజిల్ వినిపించింది. తిరిగి చూస్తే, ఆడని పిల్లలందరూ గోల్ గీత మీద వరసగా నిలబడి ఉన్నారు. మ్యాచ్‌లో పరిగెత్తనివాళ్ళు తర్వాత పరిగెత్తాలి, లేకపోతే ఫిట్‌నెస్ పోతుంది. అదే పద్ధతి. విజిల్ వేస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళీ విజిల్ వేస్తే వెనక్కి. ఖాళీ స్టాండ్లు, తడి గడ్డి, లైట్ల కింద పురుగులు. బూట్ల కింద నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ అమ్మాయి బిబ్ తీసేసింది. లోపలి జెర్సీ ఒక్క మరక లేకుండా కొత్తగా ఉంది.

మా అమ్మాయి కంచె పట్టుకుని పైకే లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యేసరికి పిల్లలు నడుం మీద చేతులేసుకుని వంగిపోయారు. తొమ్మిదోసారి విజిల్ పడింది.

వాళ్ళమ్మ మాకు కాస్త దూరంలో నిలబడి ఉంది. ఫోన్ తీసి ఇంకో అంకె రాసుకుంది.

కార్లో సగం దారి దాకా మేం ఏం మాట్లాడుకోలేదు. ఐ-40 హైవే ఎక్కాక మా అమ్మాయి అడిగింది, ‘డాడీ, రెండో జట్టు ప్రాక్టీస్ మంగళవారమా, బుధవారమా?’ మంగళవారం అన్నాను.

అదిగో, వంటింట్లోంచి సైగ చేస్తున్నారు. గుత్తివంకాయ చల్లారిపోతోందట. పదండి.